సముద్రము దాటిన సేవావ్యాపారము



వస్తువును పరదేశమున విక్రయించుట యొక విద్య, సేవను విక్రయించుట వేఱొక విద్య. బియ్యమును, బెల్లమును, నేతచీరలను ఓడ కెక్కించి వర్తకుడు తన యింటి యరుగు మీద గూర్చుండవచ్చును. సరకు తన గుణమును తానే చెప్పుకొనును. క్షురకుని కత్తిని మాత్రము ఓడలో బంపినచో ఆవలి యొడ్డున నెవరికిని క్షౌరము కాదు. వైద్యుని హస్తవాసిని మూటగట్టి పంపలేము. లెక్కలు వ్రాయువాని నేర్పును, వకీలు వాదమును, షావుకారు నమ్మకమును ఆయా మనుష్యులతోడనే పోవలసినవి గాని విడిగా బోవునవి కావు.

కావున సేవను అమ్ముకొనువాడు సముద్రము దాటవలె నన్నచో ముందుగా మనిషిని దాటింపవలెను. ఆ మనిషి కంటికి గానరాని దూరమున నుండియు మాట తప్పకుండునట్లు ఇంటనుండియే కట్టుదిట్టములు చేసికొనవలెను. ఈ రెండును ఎంత చక్కగా నెఱవేఱినను, తుదకు పరదేశపు చట్టమునకును, అచ్చటి ప్రజల మనస్సునకును లోబడి యుండవలెను. మొదటి రెండును వ్యాపారి చేతిలోనివి. మూడవది వాని చేతిలోనిది కాదు. మొదటి రెండింట అసమానమైన ప్రజ్ఞ చూపి, మూడవదానిచే సర్వమును గోల్పోయిన యొక వర్తకకులము మన పొరుగుననే కలదు. వారి కథను ముందు విన్నవించి, పిమ్మట నేటి సంగతికి వచ్చెదను.

తమిళదేశమున కారైకుడి, దేవకోట పట్టణముల చుట్టుపట్ల నాటుకోట చెట్టియార్లు అనువారు కలరు. తొమ్మిది దేవాలయములను బట్టి తొమ్మిది శాఖలుగా వ్యవహరింపబడుదురు. వారి సీమ మెట్ట, వానలు తక్కువ. ధనము మాత్రము వారి యింట పండెడిది. సింహళమునకును, పినాంగు, సింగపూరు రేవులకును వారు ముందే పోయి యుండిరి. 1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమయ్యెను. 1869లో సూయజు కాలువ తెఱవబడెను. ఐరోపాకు దారి దగ్గఱ యగుటచే బర్మా బియ్యమునకు గిరాకి యేర్పడెను. ఐరావతీ నది ముఖమునందలి చిట్టడవులను గొట్టి వరి పండించుటకు బర్మా రైతులు వేలకొలదిగా దిగివచ్చిరి. అడవి కొట్టుటకు, ఎద్దులను గొనుటకు, పంట చేతికి వచ్చు వఱకు తిండికి రొక్కము కావలెను గదా. రంగూనులో తెల్లవారి బ్యాంకులు లేకపోలేదు. అవి మిల్లులకును, ఎగుమతి కంపెనీలకును ఋణ మిచ్చెడివి గాని, భాష తెలియని పల్లెకు పోయి మోకాలిలోతు బురదలో నున్న రైతుకు ఋణ మిచ్చునవి కావు. ఆ బ్యాంకునకును ఈ రైతునకును నడుమ నున్న ఖాళీయే చెట్టియారునకు అంగడి యైనది.

ఆ యంగడిలో బల్లలు, కుర్చీలు ఉండెడివి కావు. సింగపూరులోని మార్కెట్టు వీధిలో వారి కొట్లను ‘కిట్టంగి’ యనెడివారు. మన గిడ్డంగి యను మాటయు అదియే. ఒక పొడుగాటి సాలలో పలువురు చెట్టియార్లు వరుసగా నేల మీద గూర్చుండెడివారు. ఒక్కొక్కని ముందు ఒక చిన్న పెట్టె, వెనుక ఇనుప బీరువా. అంతియే ఒక సంస్థ. అద్దె స్వల్పము, ఆడంబరము లేదు. మొగమెఱిగిన వాడు వచ్చి కూర్చుండును, మాట యగును, రొక్కము చేతులు మాఱును.

అక్కడ గూర్చున్నవాడు యజమాని కాడని మనము గుర్తుంచుకొనవలెను. యజమాని కారైకుడిలోనే యుండెడివాడు. పెట్టె ముందున్నవాడు అతని ఏజెంటు. ఈ ఏజెంటును తయారుచేసిన పద్ధతియే వారి వ్యాపారమునకు ప్రాణము. పది పండ్రెండేండ్ల బాలుడు ‘పెట్టియడి పయ్యన్’, అనగా పెట్టె దగ్గఱి కుఱ్ఱవాడు, అను పేరుతో చేరును. అంతకు ముందే వడ్డి లెక్కలును, భిన్నముల యెక్కములును వానికి నోటికి వచ్చి యుండవలెను. నలువది యేండ్లకు చేరువగా బడిలో లెక్కలు చెప్పినవాడను గనుక ఈ మాట వద్ద నొక క్షణ మాగితిని. ముప్పాతిక వడ్డి చొప్పున ఏడు నెలల పదునొకండు దినములకు వడ్డి యెంత యని యడిగిన నేటి పిల్లవాడు ముందుగా జేబులోని ఫోను కొఱకు వెదకుకొనును. ఆ బాలుడు కొన్ని యేండ్లకు ‘అడుత్తాళ్’ అనగా సహాయకు డగును. అటు పిమ్మట, యోగ్యుడైనచో, ఏజెంటగును.

ఏజెంటు మూడేండ్లకు ఒడంబడిక వ్రాయును. యజమాని ముక్తారునామా యిచ్చును. జీతములో కొంత భాగము ముందుగానే యింటివారి చేతికి ముట్టును. తుదిని లాభములో వానికి వాటా యుండును. చిట్టా, ఆవర్జా పుస్తకముల సారము క్రమముగా ఇంటికి జేరవలెను. మూడేండ్లు నిండగానే వేఱొక ఏజెంటు వచ్చును. పాతవాడు క్రొత్తవానిని వెంట దీసికొని ఖాతాదారుల నందఱను చూపి, ఎవని మాట ఎంతవఱకు నమ్మదగినదో చెప్పి, లెక్కలన్నియు నప్పగించి, స్వగ్రామమునకు దిరిగి పోవును. ఋణ పత్రములలో నెల్ల యజమాని వంశపు పొడి యక్షరములే గాని ఏజెంటు పేరు వ్యాపారపు పేరుగా నుండదు. మనిషి మాఱినను కొట్టు మాఱదు.

భార్యను వెంట దీసికొనిపోవుట చాలకాలము వారి యాచారము కాదు. మూడేండ్లు ఎడబాటు. ఇది క్రూరమని నా యభిప్రాయము. అయినను దాని వెనుక నున్న లెక్క స్పష్టము. ఇల్లాలు, బిడ్డలు, కులదేవాలయము అన్నియు కారైకుడిలో నున్నంతవఱకు ఏజెంటు మనస్సు అక్కడనే యుండును. రంగూనులో పదివేలు దాచుకొన్న వాని పేరు దేవాలయ పంచాయతీలో వినబడినచో మఱి యే కొట్టును వానిని చేర్చుకొనదు, వాని కూతురునకు సంబంధము దొరకదు. న్యాయస్థానము కంటె నిది గట్టి శాసనము. అంతేకాక, ఆ వ్యాపారపు మూలధనములో చెట్టియార్ల స్త్రీలు పుట్టినింటి నుండి తెచ్చిన సొమ్ము కూడ జమకట్టబడి వడ్డి పెఱుగుచుండెడిది. భర్త దూరమున నున్నను ఆమె ఆ కొట్టునకు ఋణదాత యైనది. ఈ సంగతి చాలమంది యెఱుగరు.

రంగూనులో మొగలు వీధి వారి ముఖ్యస్థానము. ప్రతి నెలయు ఒకనాటి సాయంకాలమున వారందఱు దేవాలయమున గూడి, తమలో తాము ఇచ్చి పుచ్చుకొను సొమ్మునకు ఆ నెల వడ్డి యెంత యని నిర్ణయించుకొనెడివారు. పోటీ యుండెను గాని ఒకరి గొంతు నొకరు నులుముకొను పోటీ కాదు. ఒక కొట్టులో రొక్కము తఱిగినచో ప్రక్క కొట్టు ఆదుకొనును. స్వదేశమునకు సొమ్ము పంపదలచిన వానికి హుండీ వ్రాసి యిత్తురు. అది చూపినచోట రూకలు చేతబడును. 1929-30లో విచారించిన బర్మా బ్యాంకింగు సంఘము లెక్క ప్రకారము ఆ దేశమున చెట్టియార్ల కొట్లు సుమారు 1,650, వారి వ్యాపారమున దిరుగుచున్న ధనము సుమారు 75 కోట్ల రూపాయలు. దిగువ బర్మాలో ఏ రైతుకైనను ఒక దినపు ప్రయాణములో చెట్టియారు కొట్టు అందుబాటున నుండెనట. వారి వడ్డి స్థానికులైన వడ్డివ్యాపారుల వడ్డికంటె తక్కువ యనియు ఆ సంఘమే గుర్తించెను.

తెలుగువారికి ఆ దేశముతో సంబంధము వేఱు రకమైనది. మా ప్రాంతమున రంగూనును ‘రంగ’మనెడివారు. కాకినాడ దగ్గఱి కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ మనవారికి కొరంగీలు అను పేరు వచ్చెను. ఓడరేవులో మూటలు మోయుట, బియ్యపు మిల్లులలో పనిచేయుట మనవారి వృత్తి. మేస్త్రీ యిచ్చిన బయానా తీఱుటకే తొలి యేడు గడచిపోయెడిది. చెట్టియారు నమ్మకమును అమ్ముకొనెను, మనవాడు వెన్నెముకను అమ్ముకొనెను. 1931 జనాభా లెక్కలలో రంగూను నగరవాసులలో సగమునకు పైగా భారతీయులే. తమ రాజధానిలో తామే తక్కువవారైనట్లు బర్మీయులకు తోచుటలో ఆశ్చర్యమేమున్నది? 1930 మే నెలలో రేవు కూలీలైన తెలుగువారికిని, సమ్మె కాలమున వారి బదులు పనిలో బెట్టబడిన బర్మీయులకును కలహము పుట్టి, నగరమంతయు రక్తసిక్త మయ్యెను. నూటికి పైగా జనులు చనిపోయిరి.

ఆ యేటనే ధరలు కూలెను. 1931 నాటికి వడ్ల ధర సగమునకు దిగజారెను. రైతు అప్పు చెల్లింపలేడు. తెల్లవారి బ్యాంకులు చెట్టియార్లకిచ్చిన సొమ్మును తిరిగి యిమ్మని యొత్తిడి చేసెను. చెట్టియారు తాకట్టు భూమిని పుచ్చుకొనక తప్పలేదు. దిగువ బర్మాలో ముఖ్యమైన 13 వరి జిల్లాలందు 1930లో వారి స్వాధీనమున నున్న భూమి నూటికి 6 వంతులు. 1937 నాటికి అది నూటికి 25 వంతులు. ఎకరములలో చెప్పవలెనన్న, 5 లక్షల 70 వేలు 24 లక్షలకు పైగా పెఱిగెను. తమకు భూమి యక్కఱలేదు, రొక్కమే కావలెనని చెట్టియార్లు మొఱపెట్టుకొనిరి. ఆ మాట నిజమే యని నేను నమ్ముదును. వేయి మైళ్ల ఆవల నున్న మాగాణిని దున్నించుకొనుట వారికి చేతనగు విద్య కాదు, కారైకుడిలో లెక్క చెప్పుకొనదగిన ఆస్తియు కాదు.

అయినను, తాతలు అడవి గొట్టి చేసిన పొలమునకు తాను కౌలుదారుడైన బర్మా రైతు కన్నుతో ఒకసారి చూడుడు. మీలో పెక్కుమంది భూమి గలవారు, తాకట్టు దస్తావేజు అమ్మకపు దస్తావేజుగా మాఱుట యేమో యెఱిగినవారు. తొలినాడు అవసరమునకు సొమ్ము తెచ్చి యిచ్చిన పరదేశి, ఇప్పుడు గట్టు మీద నిలిచి శిస్తు అడుగుచున్నాడు. వాడు చట్టమును తప్పలేదు. వడ్డిని అన్యాయముగా లెక్కింపలేదు. కాని వాడు ఇంతకు ముందువలె సేవ చేయువాడు కాడు, యజమాని. సేవకుడై వచ్చినవాడు యజమాని యగుటను ఏ దేశపు ప్రజలును చిరకాలము సహింపరు.

1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా భారతదేశము నుండి విడదీయబడెను. ఒకే ప్రభుత్వము క్రింద సొంత సీమవలె నున్న దేశము ఒక్క దినమున పరదేశ మయ్యెను. 1941 డిసెంబరులో రంగూను పై బాంబులు పడెను, 1942 మార్చిలో జపాను సేనలు నగరమును బట్టుకొనెను. లక్షలకొలది భారతీయులు అడవుల వెంట, కొండల వెంట అస్సాము దిక్కుగా నడచిరి. దారిలో ప్రాణములు విడిచిన వారికి లెక్క లేదు. అట్లు నడచి వచ్చిన వృద్ధులను నేను బాల్యమున జూచితిని. ఆ నడకను గూర్చి అడిగినచో వారు మాట మార్చెడివారు. 1948 జనవరిలో బర్మా స్వతంత్రమైన పిమ్మట, ఆ యేడే భూమిని జాతీయము చేయు శాసనము వచ్చెను. కారైకుడిలో మాత్రము బర్మా టేకు స్తంభములతో గట్టిన మేడలు నిలిచి యున్నవి.

ఆ కులమువారిలోనే ఒకరు పద్ధతిని మార్చిరి. ఎం. సి. టి. ఎం. చిదంబరం చెట్టియారుగారు 1937 ఫిబ్రవరి 10వ తేదీన ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకును స్థాపించి, కారైకుడి, మద్రాసు, రంగూను మూడుచోట్లను ఒకేసారి తెఱచిరి. పెట్టె ముందున్న ఏజెంటుకు బదులు జీతపు గుమస్తా, దేవాలయ పంచాయతీకి బదులు కంపెనీ చట్టము, భూమి తాకట్టుకు బదులు విదేశ మారకద్రవ్యపు వ్యాపారము. 1963లో బర్మా ప్రభుత్వము బ్యాంకులను జాతీయము చేసినప్పుడు రంగూను శాఖ పోయినను, ఇతర దేశములందు శాఖలున్నందున బ్యాంకు నిలిచినది. 1969లో మన ప్రభుత్వము దానిని జాతీయము చేసెను.

ఇక నేటి సంగతి. 1995 జనవరి 1వ తేదీన ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటు సేవలను గూర్చిన యొక ఒడంబడిక అమలులోనికి వచ్చినది. సేవ దేశము దాటుటకు త్రోవలు నాలుగని అందు విభజించిరి. మనిషి ఇంటనే యుండ పని మాత్రము తంతి మార్గమున బోవుట యొకటి. పుచ్చుకొనువాడే సేవ యున్న చోటికి వచ్చుట మఱియొకటి, శస్త్రచికిత్సకై పరదేశీయులు హైదరాబాదునకు వచ్చుట యిట్టిది. పరదేశమున కొట్టు తెఱచుట, మనిషి స్వయముగా బోయి పనిచేసి వచ్చుట మిగిలిన రెండు. చెట్టియార్లు ఈ చివరి రెండింటిని కలిపి నడచిరి. మన సాఫ్ట్‌వేర్ కంపెనీలు మనిషిని పంపుటతో మొదలుపెట్టి, క్రమముగా తంతి మార్గమునకు వచ్చినవి.

1968లో ముంబయిలో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ అను సంస్థ పుట్టెను. అమెరికా దేశపు బరోస్ కంపెనీ యంత్రములకు సంబంధించిన పనితో అది విదేశములకు బోయెను. 1979లో న్యూయార్కులో కార్యాలయము తెఱచెను. ఆనాడు పనివాడు విమాన మెక్కి ఖాతాదారుని యింటికే పోయి పనిచేయవలెను. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అను అమెరికా కంపెనీ బెంగుళూరులో కార్యాలయము పెట్టి, పనిని ఉపగ్రహ మార్గమున స్వదేశమునకు బంపనారంభించెను. అప్పటినుండి దారి మాఱినది. కొలదిమంది అక్కడ ఖాతాదారుని దగ్గఱ నుండి యవసరమును దెలిసికొందురు, పెక్కుమంది ఇక్కడ కూర్చుండి చేయుదురు. వారికి ప్రొద్దు గ్రుంకినప్పుడు మనకు తెల్లవారును గనుక పని రేయింబవళ్లు సాగును. అంతటితో ఆగక టాటావారు 2001లో హంగరీ దేశపు బుడాపెస్టు నగరమునను, 2002లో దక్షిణ అమెరికాలో ఉరుగ్వే దేశపు మాంటెవిడియోలోను కార్యాలయములు పెట్టిరి. ఐరోపా ఖాతాదారునితో వాని భాషలో మాటాడువారు బుడాపెస్టులో దొరకుదురు. మాంటెవిడియో గడియారము న్యూయార్కు గడియారమునకు ఒకటి రెండు గంటల దూరములోనే యుండును.

నమ్మకము సంగతి మాత్రము మారలేదు. హైదరాబాదున 1987లో మొదలైన సత్యం సంస్థ దేశదేశముల పని సంపాదించినది. 2009 జనవరి 7వ తేదీన దాని యధ్యక్షుడు, పుస్తకములలో చూపిన రొక్కములో 5 వేల కోట్లకు పైగా లేనేలేదని స్వయముగా లేఖ వ్రాసెను. పనివారి నేర్పులో లోపము లేదు, ఖాతాదారుల పని యాగలేదు. అయినను ఒక్క లేఖతో సంస్థ నిలువున వణకినది. ప్రభుత్వము క్రొత్త డైరెక్టర్లను నియమించి, ఆ యేడే దానిని వేఱొక సంస్థ కప్పగింపవలసి వచ్చెను.

చట్టము సంగతియు మారలేదు. అమెరికాలో 1990 నాటి శాసనముచే ఏర్పడిన హెచ్-1బి యను అనుమతి మీద మన పిల్లలు పోవుచున్నారు. అది తొలుత మూడేండ్లకే ఈయబడును, మఱి మూడేండ్లకు పొడిగింపవచ్చును. చెట్టియారు ఏజెంటు గడువును ఇదియును ఒకటే యగుట కాకతాళీయమే యైనను, నాకది విచిత్రముగా దోచినది. అచ్చటి పనివారు తమ పనులు పరదేశీయుల పాలగుచున్నవని చిరకాలముగా మొఱపెట్టుచున్నారు. 2017లో ఇన్ఫోసిస్ సంస్థ రెండేండ్లలో పదివేలమంది అమెరికనులకు తామే పని యిత్తుమని ప్రకటించినది. అది ఔదార్యము కాదు, వివేకము. 2025 సెప్టెంబరులో ఆ దేశాధ్యక్షుడు క్రొత్తగా పెట్టు హెచ్-1బి దరఖాస్తు ఒక్కింటికి లక్ష డాలర్ల రుసుము విధించుచు ఉత్తరువు చేసెను. ఇక్కడి యే కంపెనీ యధ్యక్షుడును, ఎంత సమర్థుడైనను, దానిని మార్చగలవాడు కాడు.

ఇంత చెప్పుటకు కారణ మొకటి కలదు. ఇటీవల మా ప్రక్క గ్రామమునుండి ఒక రైతు ఒక కాగితము పట్టుకొని మా యింటికి వచ్చెను. ‘పంతులుగారూ, దీనిలో నేమున్నదో చదివి చెప్పండి’ అని యడిగెను. పట్టణమునందలి యొక మధ్యవర్తి వ్రాసి యిచ్చినది. కుమారునకు అమెరికాలో పని యిప్పింతుననియు, అనుమతి దరఖాస్తు ఖర్చుల క్రింద పండ్రెండు లక్షలు ముందుగా జెల్లింపవలె ననియు అందున్నది. ఆ సొమ్మునకై రెండెకరముల మాగాణి తాకట్టు పెట్టుటకు మాట యైనదట. పని యిచ్చు కంపెనీ పేరు ఆ కాగితమున నెక్కడను లేదు. జీత మెంతయో లేదు. పని లేని నెలలలో జీత మిత్తురో లేదో లేదు.

నే నాయనతో నిట్లంటిని: ‘బాబూ, ఆ దేశపు చట్టము ప్రకారము ఆ దరఖాస్తు పెట్టవలసినవాడు పని యిచ్చు యజమాని, దాని ఖర్చు భరింపవలసినవాడు కూడ వాడే. నిజమైన కంపెనీ యైనచో నీ కుమారుని నేర్పును అమ్ముకొని లాభము పొందును గాని నీ పొలమును అడుగదు. ముందు కంపెనీ పేరు, జీతము, గడువు వ్రాసి యిమ్మనుము. ఆ వ్రాత నాకు తెచ్చి చూపుము.’

ఆయన చాలసేపు మాటాడలేదు. పిదప, తాకట్టు వ్రాయుటకు వచ్చువారమే మాట యిచ్చితిననియు, ఆ షావుకారును మఱియొక పదిదినములు గడువు అడిగి చూతుననియు చెప్పి, కాగితమును నాలుగు మడతలు పెట్టి చొక్కాజేబులో నుంచుకొని, బస్సువేళ యగుటచే వడివడిగా వెడలిపోయెను.